ఒక్కటే గడి

ఏరు దాటమని శాఖ నాకు
ట్యాబ్ ఇచ్చింది, పడవ ఇవ్వలేదు.
ట్యాబ్‌ను యూరియా సంచిలో చుట్టి
ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను
సవారమ్మ పుట్టిలో.
పుట్టి అడుగున కూడా యూరియా సంచులే,
తారు పూసి వెదురు బద్దలకు కుట్టినవి.
మా ఇద్దరి బరువునీ మోస్తున్నది
ఒకే కంపెనీ.

"కదలకు సారూ.
నువ్వు కదిల్తే ఇది తిరుగుతది
ఇది తిరిగితే నీ తలకాయ తిరుగుతది
కిష్ణమ్మకేం గాదు."

గుండ్లగడ్డ మీద నలభై మూడిళ్ళు.
బడిగోడ నీడకు బల్ల వేశారు.
కాగితాలు వచ్చాయి
పొగాకు డబ్బాల్లో, మందుల కవర్లలో,
ఒకరివి సజ్జల గుమ్మిలోంచి, ఇంకా దుమ్ముతో.
కుర్మన్న పాసుబుక్కు తెచ్చాడు.
వరదొచ్చిన ఏడు నెత్తికి కట్టుకుని ఈదాడట,
పుటలన్నీ అంటుకుని ఒకే పుట అయింది.
"ఇప్పకు సార్, ఇరుగుతది.
నాకు నోటికొస్తది" అని
సర్వే నంబరు, ఎకరం ముప్పై గుంటలు, నలుదిక్కుల హద్దులు
చదివినట్టు కాదు, చచ్చిపోయినవాళ్ళను పిలిచినట్టు
ఒక్కొక్కటే చెప్పాడు.

తర్వాత సవారమ్మ.
వృత్తి దగ్గర రెండు గడులు:
రైతు. మత్స్యకారులు.
ఒకటి నొక్కితే ఇంకోటి ఆరిపోతుంది.

"నీళ్ళు దిగినంక ఉల్లిగడ్డ పెడ్త, పల్లి పెడ్త.
నీళ్ళెక్కినంక అదే చెల్కల వల ఇసుర్త.
పోయినేడు మా బోరు పైపు కాడ
రెండు కిలోల కొర్రమట్ట దొరికె.
అది పంటనా, చేపనా?
నువ్వే రాసుకో."

భూమి ఫొటో అడిగింది ట్యాబ్.
తీశాను. నీళ్ళు.
నీళ్ళలోంచి లేచిన రెండు కడీలు,
ఒకదాని మీద నీటికాకి.
చిత్రం స్పష్టంగా లేదు, మళ్ళీ తీయండి.
మళ్ళీ తీశాను. ఈసారి నీటికాకి కూడా లేదు.

బొటనవేలు పెట్టింది.
వలతాడు ఎప్పుడో తినేసింది దాని గీతల్ని.
చీరకొంగుకు తుడిచింది, నాలుకతో తడిపింది,
జొన్నపిండి రుద్దుకొచ్చింది పక్కింటికి వెళ్ళి.
మూడుసార్లూ ఆ యంత్రం
ఆమెనెప్పుడూ చూడనట్టే ఊరుకుంది.

ఇక ఓటీపీ.
ఈ గడ్డ మీద సిగ్నల్ ఒక్క ఏనుగుగుండు పైనే.
పరశురాముడనే పిల్లగాడు ఫోను నోట కరుచుకుని
పైకెక్కాడు.
అంకె వచ్చినట్టల్లా అరుస్తున్నాడు,
కింద మేకలు మేపే ముసలాయన అందుకుని అరుస్తున్నాడు,
నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు అందుకుని నాకు చేరవేస్తున్నారు.
నాలుగూ... సున్నా... రెండూ... తొమ్మిదీ... ఒకటీ...
ఆఖరుది గాలి ఎత్తుకుపోయింది.
"ఏడు" అన్నాడా,
"ఏడా?" అన్నాడా?

ఏడు కొట్టాను.
ఒప్పుకుంది.

రైతు గడి నొక్కాను. దాని గడువు ఆ పూటతో సరి.
చేపలకు వేరే శాఖ, వేరే సారు,
వేరే దినం వస్తాడని చెప్పాను.
"ఆయనకు ఈత ఒస్తదా?" అంది.

తిరుగు ప్రయాణంలో ఏమీ మాట్లాడలేదు.
మీద గేట్లెత్తారేమో, నీళ్ళు ఎర్రగా బరువెక్కాయి.
నడుమకొచ్చాక తెడ్డు నిలువుగా దించింది.
అడుగున ఏదో టక్కుమంది.
"నా గెట్టురాయి.
అవతలికి కుర్మన్నది."
కాసేపు పుట్టిని అక్కడే ఆపింది,
సాలు చివర ఎద్దుల్ని నిలిపినట్టు.
నా కాళ్ళ వైపు చూసింది.

"చెప్పులిడువు సారూ,
చేన్ల ఉన్నం."

విడిచాను.